మిలటరీ తాతయ్యకి ఖాకీ గుడ్డ

సంక్రాంతి నాడు మా ఇంట్లో పెద్దలకి బట్టలు పెడతారు. దేవుడి గదిలో తూర్పు గోడ వారన పీటలు వేసి, పసుపు రాసి బొట్లు పెట్టి, ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో పీట మీద కొత్త బట్టలు పెట్టేది నాయనమ్మ. ముత్తాతకి పంచె, కండువా. తాతమ్మకి నేత చీర. చిన్నతనంలోనే పోయిన మా అత్తకి పరికిణీ గుడ్డ. ముందు విస్తళ్ళలో గారెలు, బూరెలు, అరిసెలు. ఆఖరి పీట మీద మాత్రం పంచె ఉండదు. రెండు గజాల ఖాకీ గుడ్డ ఉండేది. దాని మీద ఆరు మూలల కంచు నక్షత్రం ఒకటి. ఆ పీట మిలటరీ తాతయ్యది.

పెద్దలకి పెట్టిన బట్టలు ఆ తర్వాత ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలి. పంచెలు నాన్నగారికి, చీర అమ్మకి వెళ్ళేవి. ఖాకీ గుడ్డ నాది. హైస్కూల్లో ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా యూనిఫాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా నిక్కర్లన్నీ మిలటరీ తాతయ్యకి పెట్టిన గుడ్డతో కుట్టినవే. బురదలో ఆడి వస్తే అమ్మ నిక్కరు చూసి తిట్టేది. నాయనమ్మ తిట్టేది కాదు. నిక్కరు తనే తీసుకెళ్ళి నూతి దగ్గర ఉతికి, "మా అన్నయ్యది రా, కాస్త చూసుకు తిరుగు" అనేది.

ఆ అన్నయ్యని నేను చూడలేదు. నాయనమ్మకి ఒక్కడే అన్న. మా నాన్నగారికి మేనమామ. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఆయన మొహం ఎలా ఉంటుందని అడిగితే నాయనమ్మ నాన్నగారిని చూపించి, "కళ్ళు ఇవే, ముక్కు మాత్రం నాది" అనేది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల మిలటరీ మాధవరం పేరు తెలియని వాళ్ళుండరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు పట్టాళంలో చేరిన ఊరది. ఆ గాలి మా ఊరికీ సోకింది. 1940లో నాయనమ్మ అన్న, ఇంకా కుర్రాడు, తండ్రి లేనివాడు, ఒక్కగానొక్క కొడుకు, తల్లికి చెప్పకుండా వెళ్ళి సైన్యంలో పేరు రాయించుకొచ్చాడు. వడ్రంగం పని వచ్చు కాబట్టి మద్రాస్ సాపర్స్‌లో తీసుకున్నారు. అంటే సైన్యానికి రోడ్లు వేసేవాళ్ళు, వంతెనలు కట్టేవాళ్ళు. బెంగుళూరులో ట్రైనింగ్. తాతమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. నాలుగో రోజు లేచి కొడుక్కి దారిలో తినడానికి సున్నుండలు చుట్టింది.

ట్రైనింగ్ అయ్యాక ఒకే ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. 1941 ఎండాకాలం. అప్పుడు నాన్నగారికి ఏడేళ్ళు. ఆయనకి గుర్తున్నదల్లా బూట్లకి రాసిన పాలిష్ వాసన, ఇంకా వంతెన.

మా పెరటి వెనక పంట బోదె ఉండేది. నీళ్ళొచ్చినప్పుడు ఆడవాళ్ళు చీరలెత్తి పట్టుకుని మోకాలు లోతులో దాటేవారు. సెలవుకొచ్చిన మనిషి రెండు రోజులు ఊరికే కూర్చోలేక, రెండు తాటి దూలాలు తెప్పించి, వాటిని చెక్కి, చివర్లు కట్ట మీద ఎంత లోపలికి కూర్చోవాలో తాడుతో కొలిచి మరీ వేశాడు. పైన అడ్డంగా చెక్కలు. నాన్నగారి చేతికి మేకుల డబ్బా ఇచ్చి, "అడిగినప్పుడు ఒక్కటే ఇవ్వాలి, రెండు ఇవ్వకూడదు" అన్నాడట. పని అయ్యాక తను ముందు నడవలేదు. వాళ్ళమ్మని నడవమన్నాడు. తాతమ్మ తలమీద గడ్డిమోపుతో అటు వెళ్ళి ఇటు వచ్చింది. ఊళ్ళో దాన్ని మిలటరీ వంతెన అనేవారు. దాని మీద నేనూ నడిచాను. నేను ఇంటర్ చదివేటప్పుడు బోదె మీద సిమెంటు తూము వేసి దాన్ని పీకేశారు. దూలాలు అప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

ఆ సెలవు అయ్యాక సముద్రం దాటించారు. మలయా నుంచి, అంటే ఇప్పటి మలేషియాలో ఉన్న ప్రాంతం నుంచి, రెండు ఉత్తరాలు వచ్చాయి. అవి నాయనమ్మ పెట్టెలో ఉండేవి. మడతల దగ్గర చిరిగిపోతే వెనక పాత పంచాంగం కాగితం అతికించింది. మొదటి దాంట్లో అంతా క్షేమ సమాచారమే. రెండో దాంట్లో ఒక సంగతి రాశాడు: ఇక్కడ రబ్బరు తోటల్లో మనవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కుర్రాళ్ళు తెలుగే మాట్లాడుతున్నారు, ఒక ముసలావిడ పిలిచి పప్పు, పచ్చడి వేసి అన్నం పెట్టింది, నువ్వే గుర్తొచ్చావమ్మా. తాతమ్మకి చదువు రాదు. ఆ నాలుగు ముక్కలు మాత్రం కంఠతా వచ్చు. నేను ఒళ్ళో పడుకుంటే కథ చెప్పినట్టు చెప్పేది.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం మలయాలో దిగింది. పైనుంచి కిందకి రెండు నెలల్లో మొత్తం ద్వీపకల్పం ఊడ్చుకుంటూ వచ్చింది. వెనక్కి తగ్గుతున్న సైన్యంలో సాపర్ల పని ఏమిటంటే, మనవాళ్ళు దాటేశాక వంతెనలు పేల్చెయ్యడం. శత్రువు దాటకూడదు కదా. బోదె మీద తాటి దూలాలు తాడుతో కొలిచి వేసిన చేతులతోనే ఆ పనీ చేసి ఉంటాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. జనవరి ఆఖరి రోజున సింగపూర్ ద్వీపానికి వెళ్ళే రాతి కట్టను కూడా పేల్చారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత భారతీయ సైనికుల్ని ఫారర్ పార్కు మైదానంలో విడిగా నిలబెట్టి జపాన్ వాళ్ళకి అప్పగించారు. 40,000 మందికి పైనే. అంతమందిలో మావాడొకడు.

ఊళ్ళో ఇదేమీ తెలియదు. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయని తెలిసి జనం సామాన్లు కట్టుకుంటుంటే తాతమ్మ మాత్రం, "జపానోళ్ళు ఇక్కడిదాకా వచ్చారంటే నా కొడుకు ఏమైనట్టు?" అని అందర్నీ అడిగిందట. గూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు ఆ రోజుల్లోనే. విమానం చప్పుడైతే పిల్లలు లోపలికి పరిగెత్తేవారు. తాతమ్మ బయటికి వచ్చేది. ఆ తర్వాత కొన్నాళ్ళకి సర్కారు కాగితం వచ్చింది. గల్లంతు అని. పోస్టుమాస్టరు గారు చదివి వినిపించి, "గల్లంతు అంటే పోయినట్టు కాదమ్మా" అన్నారు. ఆయన ఓదార్పు కోసం అన్న మాట. తాతమ్మ దాన్ని పట్టుకుని పాతికేళ్ళు బతికింది.

ఏటా ఎండాకాలం ఆవకాయ పెట్టేటప్పుడు ఒక చిన్న జాడీ విడిగా పెట్టేది. వాడి జాడీ. దానికి వేరే వాసెన గుడ్డ, అటక మీద వేరే చోటు. ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. మళ్ళీ ఏడు కొత్తది పెట్టాక పాతది తీసి పాలేళ్ళకి, చాకలి ఇంటికి పంచేది. 1946లో ఇంకో కాగితం వచ్చింది, ఖైదులో ఉండగా మరణించాడని నిర్ధారించినట్టు. కంచు నక్షత్రం, పతకం ఆ తర్వాత వచ్చాయి. నెలనెలా కొద్దిపాటి పింఛను కూడా వచ్చింది. తాతమ్మ పింఛను తీసుకునేది, వేలిముద్ర వేసేది. జాడీ మాత్రం మానలేదు. సంక్రాంతికి కొడుకు పేరు మీద బట్టలు పెడదామని ఎవరైనా అంటే, "బతికున్నోడికి పెట్టకూడదు" అనేది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ 1946 ఎండాకాలంలోనే పక్క ఊరి మనిషి ఒకాయన వచ్చాడు. మావాడి కంపెనీలోనే పనిచేసి, ఖైదులో ఉండి, బతికి తిరిగొచ్చినవాడు. ఈ సంగతి నాయనమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ ఒకే వరసలో చెప్పేది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చారు. తాగేసి గ్లాసు కింద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. భోజనం పెట్టారు. తినడం అయ్యాక వేలు తడి చేసుకుని విస్తరి చుట్టూ పడిన మెతుకులు ఒక్కొక్కటే అద్దుకుని తిన్నాడు. నాయనమ్మ ఇంకాస్త అన్నం వడ్డించబోతే వద్దన్నాడు. "ఆకలి కాదమ్మా, వదల్లేను" అన్నాడు.

సింగపూర్‌లో ఇద్దరూ ఒకే క్యాంపులో ఉన్నారు. రేవులో బస్తాలు మోశారు. 1943లో ఓడ ఎక్కాల్సిన వాళ్ళ పేర్లు చదివితే ఇద్దరివీ వచ్చాయి. ఈయనకి మలేరియా జ్వరం, లేవలేని స్థితి, అందుకని ఆపేశారు. మావాణ్ణి ఎక్కించారు. దక్షిణానికి, దీవుల్లోకి అన్నారు, అంతే. వెళ్ళేటప్పుడు మావాడు ఈయన సత్తు మగ్గు అడిగి పట్టుకెళ్ళాడు. తన మగ్గు ఎవరో కొట్టేశారట.

తాతమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. మగ్గు మాట విని, "వచ్చాక ఇచ్చేస్తాడ్లే బాబూ" అంది.

ఆయన అరుగు మీదే తల వంచుకుని ఏడ్చాడట.

నేతాజీ సైన్యంలో చేరమని అక్కడ ఖైదీల్ని అడిగారు కదా, వేలమంది చేరారు, వేలమంది చేరలేదు. మావాడు చేరలేదని ఆయనే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. పెద్దయ్యాక నేను ఈ విషయం మీద నాన్నగారితో చాలాసార్లు మాట్లాడాను. మా వసారాలో నేతాజీ పటం ఉంది. నాయనమ్మ దానికి దండ వేసేది, పండగ నాడు అన్న నక్షత్రానికీ బొట్టు పెట్టేది. ఆవిడకి ఆ రెండింటి మధ్య తగాదా ఎప్పుడూ కనపడలేదు. నాకూ ఇప్పుడు కనపడదు. అడవిలో, ఆకలితో, తుపాకీ ముందు నిలబడి ఎవరేం నిర్ణయించుకున్నారో, ఇంట్లో కూర్చుని నేను తీర్పు చెప్పలేను. నాకు బాధల్లా ఒకటే. చేరినవాళ్ళ గురించి చదువుకున్నాం, పాడుకున్నాం, మంచిదే. ఓడలెక్కి దీవుల్లో చచ్చిపోయినవాళ్ళ గురించి నా పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు.

వాళ్ళని పంపించింది ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న న్యూగినీకి, న్యూబ్రిటన్‌కి, ఆ చుట్టుపక్కల దీవులకి. ఓడ అడుగున సరుకులా కుక్కేవారు. దీవుల్లో విమానాల స్థలాలు చదును చేయించారు, బరువులు మోయించారు. తిండి లేదు, మందు లేదు. బెరిబెరి, మలేరియా, విరేచనాలు, కొట్టడం. న్యూగినీలో వేవాక్ దగ్గరికి తీసుకెళ్ళిన వేలాది మందిలో జమాదార్ చింత్ సింగ్, ఆయనతో పాటు ఇంకో పదిమంది బతికి బయటపడ్డారు. 1945 సెప్టెంబరు ఆఖరున సెపిక్ నది ఒడ్డున అంగోరాం అనే చోట ఆస్ట్రేలియా వాళ్ళు కాపాడారు. యుద్ధ నేరాల విచారణలో సాక్ష్యం చెప్పడానికి చింత్ సింగ్ ఆగిపోయాడు. మిగతా పదిమందీ విమానమెక్కారు. ఆ విమానం నవంబరులో కూలిపోయింది. పదిమందీ పోయారు. ఇది నాన్నగారికి మొదటిసారి చెప్పినప్పుడు ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మన హైదరాబాద్ మనిషి ఒకాయన ఉన్నారు, కెప్టెన్ మతీన్ అన్సారీ. రాజ్‌పుత్ రెజిమెంట్. హాంకాంగ్‌లో ఖైదీ అయ్యారు. సంస్థాన ప్రభువు బంధువని తెలిసి, ఆంగ్లేయుల పక్షం వదిలి మిగతా భారతీయ ఖైదీల మనసు కూడా మార్చమని చిత్రహింసలు పెట్టారు. ఒప్పుకోలేదు. 1943 అక్టోబరులో తల నరికారు. 1946లో బ్రిటిష్ ప్రభుత్వం సాహసానికి ఇచ్చే జార్జ్ క్రాస్ పతకం ప్రకటించారు. హాంకాంగ్‌లో స్టాన్లీ అనే చోట సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నా స్నేహితుల్లో ఒక్కరికి కూడా ఆయన పేరు తెలియదు.

తాతమ్మ 1967 ఆషాఢంలో పోయింది. ఆ ఏడు పెట్టిన జాడీ అటక మీద అలాగే ఉంది. సంవత్సరీకం అయ్యాక వచ్చిన సంక్రాంతికి, అంటే 1969లో, నాయనమ్మ తల్లికి పీట వేసింది. పక్కనే ఇంకో పీట వేసింది. గూడెం నుంచి ముందురోజే ఖాకీ గుడ్డ తెప్పించింది. ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ గదిలో ఎవరూ ఏమీ మాట్లాడకపోవడం నాకు బాగా గుర్తు. నాన్నగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. నాయనమ్మ ఆ గుడ్డ పీట మీద పెట్టి, "అమ్మ ఉండగా నీకు పెట్టలేకపోయానన్నయ్యా" అంది.

అప్పటినుంచి ఏటా పండక్కి ఇత్తడి సామానుతో పాటు ఆ కంచు నక్షత్రాన్ని కూడా చింతపండు, బూడిద పెట్టి తోమేది. బంగారంలా మెరిసేది. నాయనమ్మ 1994లో పోయేసరికి నక్షత్రం వెనక చెక్కిన పేరు, నంబరు దాదాపు అరిగిపోయాయి. ప్రేమగానే అరగదీసింది. తర్వాత మా అమ్మ తోమడం మానేసింది, వట్టి గుడ్డతో తుడిచేది.

2014లో మా అమ్మాయికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఇంటికొచ్చినప్పుడు నక్షత్రం వెనక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దింది, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు. ఐదంకెల నంబరులో మూడు అంకెలు తేలాయి. యుద్ధంలో పోయినవాళ్ళ రిజిస్టర్లు ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి. మద్రాస్ సాపర్స్‌లో ఆ పేరున్నవాళ్ళు నలుగురు వచ్చారు. నంబరు కలిసింది ఒక్కడికే. ఇంటిపేరు లేదు, పేరు చివర 'డు' లేదు, ఎవరో గుమాస్తా తనకి వినపడినట్టు రాసుకున్నాడు. ఎదురుగా ముత్తాత పేరు, ఊరి పేరు. మా ఊరి పేరు తప్పుగా రాశారు కానీ మా ఊరే. పక్కన తేదీ ఉంది.

తేదీ ఉంది. డెబ్భై ఏళ్ళలో మాకు తెలియనిది అదే. ఎనభై ఏళ్ళ నాన్నగారు ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, మా పురోహితుడు గారికి కబురు చేశారు. ఆయన పాత పంచాంగం లెక్క చూసి, తారణ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ షష్ఠి అన్నారు. "అయితే మావయ్యకి తిథి ఉంది" అన్నారు నాన్నగారు. తిథి తెలియక ఇన్నాళ్ళూ మహాలయ అమావాస్య నాడే నీళ్ళు వదిలాం.

ఆ నవంబరులో నేను సింగపూర్ వెళ్ళాను. బయలుదేరే ముందు నాన్నగారు ఒక పొట్లం ఇచ్చారు. విప్పక్కర్లేకుండానే తెలిసింది. రెండు గజాల ఖాకీ.

యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం, స్మారకం క్రాంజీ స్టేషన్ నుంచి నడిచే దూరమే. పచ్చటి గుట్ట, దాని మీదికి వరసలు వరసలుగా తెల్లరాళ్ళు, పైన విమానం రెక్కల్లా పరుచుకున్న కప్పు. ఆ కప్పు కింద స్తంభాల గోడలు, వాటి నిండా పేర్లు. సమాధి దొరకనివాళ్ళవి 24,000కి పైగా పేర్లు. మధ్యాహ్నం ఎండ, పక్కన గడ్డి కోసే మిషన్ చప్పుడు. మా అమ్మాయి స్తంభం నంబరు చూసి తీసుకెళ్ళింది. కొంచెం ఎత్తులో ఉంది పేరు. మడమలెత్తి వేలు పెట్టాను. రాయి వేడిగా ఉంది. చుట్టూ పైనా కిందా మునుస్వాములు, అప్పారావులు, యేసుదాసులు, అందరూ సాపర్లే.

నాన్నగారికి వీడియో కాల్ చేశాం. ఫోన్ ఆ పేరు దగ్గర పెట్టాను. ఆయన కాసేపు చూసి, "ఏ ఊళ్ళో, ఏ దీవిలో అని ఉందా?" అన్నారు. లేదన్నాను. "గుడ్డ పెట్టు" అన్నారు. స్తంభం అడుగున నేల తుడిచి ఖాకీ గుడ్డ పెట్టాను. మా అమ్మాయి తన డబ్బాలోంచి కొంచెం ఆవకాయ అన్నం తీసి కాగితం మీద పెట్టింది. నేను చెప్పలేదు. జాడీ సంగతి తెలిసే వయసు దానికి వచ్చేసరికి మా నాయనమ్మ లేదు, నాన్నగారే చెప్పి ఉంటారు. పది నిమిషాలు కూర్చున్నాం. లేచేటప్పుడు అన్నం కాగితంతో సహా తీసేసి, ఆ చోటు శుభ్రం చేశాం. గుడ్డ మడిచి తెచ్చాను.

మళ్ళీ సంక్రాంతికి అది పీట మీద పెట్టారు. ఇంట్లో ఖాకీ నిక్కరు వేసుకునే పిల్లలు ఎవరూ లేరు ఇప్పుడు. పండగ వెళ్ళిన మర్నాడు నాన్నగారు గుడ్డ చంకలో పెట్టుకుని, నన్ను బండి తీయమన్నారు. గూడెంలో మా పాత టైలర్ గారి కొడుకు షాపు. పొడుగు చేతుల చొక్కా, రెండు జేబులు, జేబులకి మూతలు ఉండాలన్నారు. కుర్రాడు మెడ కొలత, భుజం కొలత తీసుకుని, పుస్తకంలో రాసుకుంటూ, "ఏ డిపార్ట్‌మెంటండీ?" అని అడిగాడు.

"మా మావయ్యది" అన్నారు నాన్నగారు.